కాఫీ తోట నీడ, ఆగుంబె వాన

రండర్రా, ఇలా దగ్గరికి జరగండి. ఆ మూల కూర్చున్నవాడు ఫోను లోపల పెట్టి రావాలి. ఇవాళ కాఫీ సంగతి చెబుతాను. మీ వయసుకి కాఫీ వద్దుగానీ కాఫీ కబుర్లు ఎన్నయినా తాగొచ్చు.

శృంగేరి శారదమ్మ దర్శనానికి మనవాళ్ళు ఎంతమంది వెళతారో తెలుసుగా. దర్శనం చేసుకుని, తుంగ ఒడ్డున మెట్ల మీద కూర్చుని చేపలకి మరమరాలు వేసి, మర్నాడు బస్సెక్కేస్తారు. కార్తీకం చివర్లో మేమూ వెళ్ళాం. ఈసారి ఒకరోజు ఆగుదామంది మీ నాయనమ్మ. పొద్దున కాఫీ తోట, మధ్యాహ్నం ఆగుంబె అడవి చూపించి చీకటిపడేలోగా తెచ్చి దింపే జీపు ఒకటి మాట్లాడుకున్నాం. చూపించడానికి ఆ తోటల్లోనే పుట్టిపెరిగిన ఒక పెద్దాయన వెంట వచ్చాడు. ఆయనది కన్నడం, మాది తెలుగు, చేతులు తిప్పడం అందరిదీ. అయినా ఒక్క ముక్క వృథా పోలేదు.

జీపు దిగి నాలుగడుగులు వేశామో లేదో, "ఏమండీ, ముందు తోట అన్నారు, తిన్నగా అడవిలోకి తెచ్చారేం?" అంది మీ నాయనమ్మ. ఆ పెద్దాయన నవ్వి, ఆవిడ మోచేతి పక్కనున్న కొమ్మ వంచి చూపించాడు. కొమ్మ పొడుగునా కణుపు కణుపుకీ గుత్తులుగా ఎర్రటి పళ్ళు! మేం నుంచున్నదే తోట. తోటంటే మనకి మామిడితోటో కొబ్బరితోటో గుర్తొస్తుంది, వరసలు తీర్చి, మధ్యలో ఎండ పడుతూ. ఇక్కడ మనిషెత్తు కాఫీ మొక్కలు కింద, వాటి మీద గొడుగు పట్టినట్టు పనస, అత్తి, బాడిద, సిల్వర్ ఓక్, ఆ మానుల్ని కరుచుకుని పైకి పాకిన మిరియాల తీగలు. మన అరకు, పాడేరు కొండల్లోనూ గిరిజన రైతులు ఇదే పద్ధతిలో పండిస్తున్నారు. సిల్వర్ ఓక్, మిరియం, కాఫీ ఒకే చోట. అరబికా అనేది కాఫీలో ఒక రకం; అరకు అరబికాకి, మేం తిరిగిన ఈ చిక్కమగళూరు అరబికాకి 2019లో ఒకేసారి భౌగోళిక గుర్తింపు వచ్చింది.

చెట్ల కింద ఎందుకు పెంచుతారయ్యా అంటే, అసలు అరబికా పుట్టిల్లు ఇథియోపియా కొండల్లోని అడవులు. మహావృక్షాల కింద, ఆకుల సందుల్లోంచి జారిన కాస్త వెలుతురుతో గుట్టుగా బతకడం అలవాటైన మొక్క అది. దాన్ని తెచ్చి బోడి ఎండలో పెడితే చచ్చిపోతుందనుకుంటారు కదూ? చావదు, విరగకాస్తుంది! అక్కడే వస్తుంది తంటా. ఒంట్లో ఉన్న సత్తువంతా పళ్ళకే పోసేసి, ఆకులు రాల్చుకుంటుంది, కొమ్మలు చివర్ల నుంచి ఎండిపోతాయి. మరుసటేడు చూస్తే కాపుండదు. నీడలో కాపు ఓ మోస్తరుగానే ఉంటుంది, కానీ పండు నిదానంగా ముదురుతుంది, గింజ గట్టిపడుతుంది. నిదానంగా ముదిరిన గింజలోనే రుచి ఎక్కువ అన్నాడు పెద్దాయన.

నీడకి ఇంకో గుణం ఉంది, ఇది వినండి. కాఫీ కాండాన్ని తొలిచే ఒక పెంకుపురుగుంది. ఆడపురుగు ఎండ తగిలి వెచ్చగా ఉన్న కాండం వెతుక్కుని బెరడు పగుళ్ళలో గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు లోపలికి తొలుచుకుంటూ పోతుంది. పైకి మొక్క బాగానే ఉంటుంది, ఒకనాడు ఆకు పసుపెక్కి వాలిపోతుంది. అందుకని ఎండపొడ ఎక్కువ పడకుండా చూస్తారు. పైగా కాండం మీద లేచిన బెరడుని రుద్ది రుద్ది నున్నగా చేస్తారు, గుడ్డు పెట్టడానికి సందు దొరక్కుండా. ఆయన ఒక కాండం మీద నా చెయ్యి పట్టి పెట్టాడు. ఇంట్లో నూనె పెట్టిన రోకలిబండంత నున్నగా ఉంది. ఒక్కో మొక్కకీ అలా చెయ్యాలంటే ఎంత చాకిరీయో ఊహించుకోండి.

తెగుళ్ళ మాట వచ్చింది కాబట్టి సింహళం కథ చెప్పేస్తాను. ఇప్పుడు శ్రీలంక అనగానే టీ అంటాం కదా, ఒకప్పుడు అక్కడి కొండలన్నీ కాఫీయే. 1869లో ఆకుల అడుగున నారింజరంగు పొడి కనబడింది. తుప్పు తెగులు, ఒకరకం బూజు. కొండకి కొండ ఒకే పైరు కావడంతో ఇరవై ఏళ్ళు తిరిగేసరికి కాఫీ ఊడ్చిపెట్టుకుపోయి, ఆ చోట టీ మొక్కలు లేచాయి. మన దేశంలోనూ ఆ తెగులు నానా అవస్థా పెట్టింది. శృంగేరికి దగ్గర్లోనే బాలెహొన్నూరులో 1925లో మొదలైన కాఫీ పరిశోధన కేంద్రం, ఈ తెగుల్ని తట్టుకునే రకాల కోసం ఇప్పటికీ కృషి చేస్తూనే ఉంది.

అరబికా ఇంత సుకుమారం ఎందుకయిందో కూడా చెప్పాలి. లక్షల ఏళ్ళ కిందట ఆఫ్రికాలో రెండు వేరే జాతుల కాఫీ మొక్కలు కలిశాయి. అందులో ఒకటి మనం రోబస్టా అనేది. ఆ కలయికకి పుట్టిందే అరబికా. తల్లికీ తండ్రికీ చెరి 22 క్రోమోజోములైతే పిల్లకి 44. రోబస్టాకి పక్క మొక్క పుప్పొడి కావాలి, అరబికా తన పుప్పొడితో తానే కాయ కాస్తుంది. అంతా ఒక్క ఇంట్లోనే సంబంధాలు కలుపుకుంటే కొత్త నెత్తురు ఎక్కడినుంచి వస్తుంది? మొక్కలన్నీ ఇంచుమించు ఒకే పోలిక, అందుచేత ఒకదాన్ని పట్టిన తెగులు అన్నిటినీ పడుతుంది. మన దేశానికి అది వచ్చిన కథా అలాంటిదే. బాబా బుడన్ అనే సూఫీ ఫకీరు 17వ శతాబ్దంలో హజ్ నుంచి తిరిగొస్తూ యెమెన్‌లోని మోఖా రేవు నుంచి ఏడంటే ఏడు గింజలు దాచి తెచ్చి చిక్కమగళూరు కొండ మీద నాటాడని చెబుతారు. ఆ కొండలు ఇప్పటికీ ఆయన పేరునే ఉన్నాయి.

సరే, పండు దగ్గరికి వద్దాం. ఒక ఎర్రటి పండు తెంపి రెండు వేళ్ళ మధ్య నొక్కాను. చటుక్కున రెండు గింజలు జారి అరచేతిలో పడ్డాయి, చప్పటి ముఖాలు ఎదురెదురుగా పెట్టుకున్న కవలలు. ఒంటినిండా జిగురు. నోట్లో వేసుకుంటే తియ్యగా ఉంది! కాఫీ వాసన రవ్వంతైనా లేదు. జిగురు కింద గట్టి కాగితం లాంటి పొర, దానికింద ఉల్లిపొర కన్నా పల్చటి వెండిరంగు పొర, ఆ లోపల ఆకుపచ్చ గింజ. ఒక్కోసారి రెండింట్లో ఒకటి పెరక్కుండా పోతే రెండోది గుండ్రంగా తయారవుతుంది. దుకాణాల్లో పీబెర్రీ అని అమ్మేది అదే.

పళ్ళన్నీ ఒకేసారి పండవు. ఒకే గుత్తిలో ఎరుపు, పసుపు, పచ్చ ఉంటాయి. కూలి ఆడవాళ్ళు నడుముకి సంచీ కట్టుకుని ఎర్రవి మాత్రం ఏరి, మళ్ళీ కొన్ని రోజులకి అదే మొక్క దగ్గరికి వస్తారు. వాళ్ళ వేళ్ళు చూస్తూ మీ నాయనమ్మ అలాగే నుంచుండిపోయింది. మల్లెమొగ్గలు కోసే వేళ్ళే అవి. అన్నట్టు మనుషుల కన్నా బాగా పండు ఎంచేది మానుపిల్లి. మన తిరుమల స్వామికి పునుగు తైలం ఇచ్చే పునుగుపిల్లికి దగ్గర చుట్టం. రాత్రిపూట వచ్చి బాగా పండినవే తిని, గింజలు మర్నాటికి పెంటలో వదిలేస్తుంది. ఆ గింజలు కడిగి మహా ఖరీదుకి అమ్ముతున్నారట. "మీరు తాగారా?" అని అడిగాం పెద్దాయన్ని. ఆయన మొహం చిట్లించాడు. మేం మళ్ళీ అడగలేదు.

కోసిన పళ్ళ తోలు మిషను మీద ఒలిచేసి, జిగురు గింజల్ని తొట్టిలో ఒక రోజు, చలి ఎక్కువైతే ఒకటిన్నర రోజు పులవబెడతారు. రాత్రి రుబ్బిన ఇడ్లీపిండిని పొద్దుటికి పొంగించే సూక్ష్మజీవుల బంధువులే ఇక్కడా పని చేస్తాయి. బాక్టీరియా, ఈస్టు ఆ జిగురుని తిని కరిగించేస్తాయి. అయిందో లేదో తెలుసుకోవడానికి యంత్రమేం లేదు. గుప్పెడు గింజలు పట్టి రుద్దాలి. జారితే ఇంకా కాలేదు, గులకరాళ్ళలా గరగరమంటే అయింది. కడిగి, కళ్ళంలో ఎండబోసి, గింజలో తేమ నూటికి పది పదకొండు పాళ్ళకి దిగేదాకా తిరగేస్తూ ఉంటారు. ఆ తోట ఇంటావిడ పచ్చిగింజలు కొన్ని మూకుట్లో వేయించి చూపించింది. ముందు పచ్చిగడ్డి వాసన, తరవాత పేలాల వాసన, కాసేపటికి చిటచిటమని గింజలు పేలడం, అప్పుడు లేచింది చూడండి అసలు కాఫీ ఘుమఘుమ! గింజలోని చక్కెరలు, మాంసకృత్తుల ముక్కలు వేడికి ఒకదాంతో ఒకటి కలిసి వందలకొద్దీ కొత్త పదార్థాలు పుట్టడమే ఆ వాసన. పెనం మీద అట్టు ఎర్రబడేటప్పుడు జరిగేదీ ఈ పనే.

పూలు మేం చూడలేదు, కాలం కాదు. కానీ ఆయన చెబుతుంటే చూసినట్టే అయింది. మొగ్గలు ముందే కట్టి, ఎండలు ముదిరేదాకా కణుపుల్లో కదలక మెదలక నిద్రపోతాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో అంగుళం వాన పడిందనుకోండి, మొగ్గ లేస్తుంది. రోబస్టా ఓ వారానికి, అరబికా తొమ్మిది పది రోజులకి. తోటంతా ఒకేరోజు తెల్లగా విచ్చుకుని, మల్లెపూల లాంటి వాసనతో రెండు మూడు రోజులుండి రాలిపోతుంది. ఏడాది బతుకుతెరువంతా ఆ రెండు మూడు రోజుల మీదే. ఆ వాన కోసం రైతులు ఆకాశం వైపు చూస్తారు. పడ్డాక, పూసిన నాడు మళ్ళీ పడకూడదని చూస్తారు!

ఇప్పుడు అసలు ప్రశ్న. పొద్దున్నే మీ నాన్న కాఫీ తాగితేగానీ మనిషి కాడెందుకు? ఆ గింజలో కెఫీన్ ఉంది. చెట్టు దాన్ని మనకోసం తయారుచేసుకోలేదు, తన ఆకు తినే పురుగులకి విషంగా తయారుచేసుకుంది. అయితే పూల తేనెలో మాత్రం కొద్దిగా, చేదు తెలియనంత, కలుపుతుంది. ఆ కెఫీన్ తగిలిన తేనెటీగ పువ్వు వాసనని ఎక్కువ కాలం గుర్తుపెట్టుకుంటుందని 2013లో శాస్త్రవేత్తలు చూపించారు. పురుగుకి విషం, ఈగకి తాయిలం. ఎంత గడుసు చెట్టో చూడండి.

ఇక మన తలలో ఏం చేస్తుందంటే, మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. అది కూర్చోవడానికి మెదడు కణాల మీద సీట్లుంటాయి. అది కూర్చునేకొద్దీ కళ్ళు బరువెక్కుతాయి. మన ఆర్టీసీ బస్సు స్టాండులోకి రాగానే కిటికీలోంచి కర్చీఫు వేసి సీటు పట్టేవాళ్ళని చూశారుగా? కెఫీన్ ఆ కర్చీఫు. ఆకారంలో అడినోసిన్‌ని పోలి ఉంటుంది కాబట్టి సీట్లో పడుతుంది. కర్చీఫు ప్రయాణం చెయ్యదు, కూర్చోవాల్సినవాణ్ణి కూర్చోనివ్వదు, అంతే. నిద్ర మొదలవదు. బయట నుంచున్న అడినోసిన్ ఎక్కడికీ పోలేదు, ఇంకా పోగవుతూనే ఉంది. కర్చీఫులు తీసేయగానే అంతా ఒక్కసారి ఎక్కి కూర్చుంటారు. కాఫీ దిగిపోయాక మీ నాన్న కుర్చీలోనే గురకపెట్టడం అందుకే. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగితే రాత్రి పదకొండుకి ఇంకా సగం కర్చీఫులు సీట్లలోనే ఉంటాయి. మన ఫిల్టరు కాఫీలో కలిపే చికోరీ వేరే మొక్క వేరు, దాంట్లో కెఫీన్ ఉండదు. రోబస్టాలో మాత్రం అరబికాకి ఇంచుమించు రెట్టింపు ఉంటుంది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆగుంబె. శృంగేరికి 30 కిలోమీటర్లలోపే. మాల్గుడి డేస్ సీరియల్ చాలావరకు ఈ ఊళ్ళోనే తీశారు. మీకు తెలీదులే, మీ అమ్మనడగండి. ఊరు కొండ అంచున ఉంటుంది, పడమటి పక్క గోడ దిగినట్టు లోయలోకి దిగిపోతుంది. అరేబియా సముద్రం మీది తడిగాలి జూన్‌లో వచ్చి ఆ గోడకి తగులుతుంది. ముందుకి పోలేక పైకి లేస్తుంది. పైకి పోయేకొద్దీ చల్లబడి, మోసుకొచ్చిన ఆవిరంతా నీళ్ళవుతుంది. అన్నం గిన్నె మీద మూత తీసి చూడండి, అడుగున బొట్లు బొట్లుగా ఉండేది అదే. ఏడాదికి అక్కడ పడే వాన సగటున 7,000 మిల్లీమీటర్ల పైమాట. అనంతపురంలో 550 దగ్గర. మీ నాయనమ్మ పుట్టిల్లు అనంతపురమేగా, ఈ లెక్క చెప్పగానే "మా ఊరేం పాపం చేసిందండీ?" అంది. పాపమేం లేదు, కొండకి అవతల ఉంది. మేఘం ఇవతలే ఖాళీ అయిపోయి, అటు వట్టి గాలే దిగుతుంది.

అటవీశాఖవాళ్ళ అనుమతి తీసుకునే లోపలికి నడిచాం. మొదటి వింత ఏమిటంటే చీకటి. పట్టపగలు మూడింటికి దీపాల వేళలా ఉంది. పైన కొమ్మలు కలిసిపోయి కప్పేస్తే, నూటికి ఒకటి రెండు పాళ్ళ వెలుతురు మాత్రం నేలకి దిగుతుంది. కాఫీ మొక్క పుట్టింటి వాతావరణం ఇలా ఉండేదన్నమాట. ఆకులు చూడండన్నాడు పెద్దాయన. చాలావాటికి చివర సన్నటి తోకలా సాగి ఉంది. పడిన వాన ఆ మొన మీదుగా జారిపోయి ఆకు త్వరగా ఆరుతుంది, నాచూ బూజూ పట్టవు.

అంత అడవి మోస్తోంది కదా, మట్టి నల్లరేగడిలా సారవంతంగా ఉంటుందనుకున్నాను. ఒక పుల్లతో ఆకులు తోసి చూశాం. పైన ఎండాకులు. కింద, పచ్చదనం పోయి ఈనెల జల్లెడ మిగిలిన ఆకులు. ఇంకా కింద, ఆ ఆకుల్ని ఒకదానికొకటి కుట్టేసినట్టు తెల్లటి శిలీంధ్రపు దారాలు. బెత్తెడు లోతులో ఇవన్నీ అయిపోయి ఎర్రటి జిగట మట్టి వచ్చేసింది. ఆ ఎర్రమట్టిలో సారం తక్కువ, ఇన్ని వేల ఏళ్ళ వానలు కడిగేశాయి. బలమంతా చెట్లలోనూ, ఆ బెత్తెడు కుళ్ళిన ఆకుల్లోనూ ఉంది. ఆకు రాలడమే తరువాయి, బూజు, చెద, వానపాము దాన్ని అరగదీయడం, సన్నటి వేళ్ళు పైకొచ్చి పీల్చేసుకోవడం. నేలలోకి ఇంకే వ్యవధి ఇవ్వరు. చెట్లు కొట్టేసి ఆ ఎర్రమట్టి దున్నితే నాలుగు పంటలు సరిగ్గా పండవన్నాడాయన.

అంతలో మీ నాయనమ్మ కెవ్వుమంది. జలగ! మడమ దగ్గర ఎప్పుడో పట్టి కుంకుడుగింజంత అయింది. మన కదలిక, ఒంటి వేడి, ఊపిరి పసిగట్టి ఆకు అంచున లేచి నుంచుంటుందది. నెత్తురు గడ్డకట్టకుండా ఒక మందు ఎక్కిస్తూ తాగుతుంది, అందుకే జలగ ఊడాక కూడా చాలాసేపు కారుతూనే ఉంటుంది. ధన్వంతరి స్వామి నాలుగు చేతుల్లో ఒకదాంట్లో ఉండేది జలగే అని చెప్పాను. "ఆయన చేతిలో ఉండనీండి, నా కాలికెందుకూ" అంది. ఉప్పు చల్లితే ఊడింది.

రాచనాగుని చూపిస్తారేమోనని మీ నాయనమ్మ భయం, చూపించరేమోనని నా భయం. కనబడలేదు. ఆ అడవి వాటికి పెట్టింది పేరు. రోములస్ విటకర్ అనే పాములాయన 2005లో ఇక్కడ వర్షారణ్య పరిశోధన కేంద్రం పెట్టాడు. రాచనాగు పన్నెండు పదమూడు అడుగుల పాము, తినేది తోటి పాముల్నే. పాముల్లో గూడు కట్టేది ఇదొక్కటే. చేతుల్లేకుండా గూడెలా కడుతుంది అంటారా? ఒంటిని చుట్టలా వేసి రాలిన ఆకుల్ని లాక్కుని కుప్పపోస్తుంది. ఆ ఆకులు కుళ్ళే వేడికి గుడ్లు పొదగబడతాయి. ఇందాకటి బెత్తెడు చెత్త ఎందరికి పనికొస్తోందో చూశారా! 2024లో పడమటి కనుమల రాచనాగు వేరే జాతే అని తేల్చి, దానికి కాళింగ అని పేరు పెట్టారు. పాము లేకపోయినా, తిరిగొస్తుంటే ఒక వక్కతోటలో ఎగిరే బల్లి కనబడింది. మాను మీద బెరడులో కలిసిపోయి ఉంది. గొంతు కింది పసుపుపచ్చ సంచీ టపటప ఆడించి, పక్కటెముకల మధ్య చర్మం రెక్కల్లా చాచి, ఈ మాను నుంచి ఆ మానుకి జారింది. ఇదంతా మూడు నాలుగు సెకన్లు. ఫోటో అడక్కండి, చూస్తూ ఉండిపోయాం.

నాయనమ్మ ఊరి ప్రశ్నకి సగం జవాబే చెప్పాను. ఆ కొండ అంచున పడిన వాన పడమటికి జారితే అరేబియా సముద్రంలోకి పోతుంది. తూర్పుకి జారినది వాగుల వెంట తుంగలో కలుస్తుంది. ఆ వానంతా ఒక్కరోజున వరదై పోకుండా బెత్తెడు ఆకులూ, వేళ్ళూ, నాచూ పట్టి ఉంచుకుని నెలల తరబడి వదులుతాయి. శృంగేరికి ఎగువ కొండల మీదా ఇలాంటి అడవులే ఉండబట్టి కార్తీకంలోనూ అక్కడ తుంగ నిండుగా ఉంది. అది శివమొగ్గ దగ్గర కూడలిలో భద్రని కలుపుకుని, హొసపేట ఆనకట్ట దాటి, మంత్రాలయం, కర్నూలు మీదుగా వెళ్ళి కృష్ణలో కలుస్తుంది. హొసపేట నుంచి ఎగువ కాలవ ఒకటి అనంతపురం జిల్లాకే వస్తుంది. మబ్బుగా కొండ దాటి రాలేకపోయిన నీళ్ళు చుట్టుతిరిగి కాలవలో వస్తున్నాయన్నమాట.

మీరెప్పుడైనా వెళితే ఒక మాట. పళ్ళు చూడాలంటే నవంబరు నుంచి జనవరి. పూలు కావాలంటే మార్చి, అదీ వాన దయ. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అడవి మంచి జోరు మీదుంటుందిగానీ, జలగలూ అంతే జోరు మీదుంటాయి. మోకాళ్ళ దాకా మేజోళ్ళు, పొట్లం ఉప్పు మర్చిపోకండి. నాయనమ్మని మాత్రం ముందే అడక్కండి, టిక్కెట్లు తీశాక చెప్పండి.